క్షమ అంటే లెక్క కొట్టివేయడమేనా?



నేను చదివేది బి.యస్సీ. మా ఇంట్లో చేసేది సేద్యం. ఈ రెంటిలో ఏదీ మత విషయాల మీద వ్యాసం రాసే అర్హత నాకు ఇవ్వదు. మేము శివరాత్రికి మహానంది కోనేట్లో స్నానం చేసేవాళ్లమే గాని చర్చి మెట్లు ఎక్కినవాళ్లం కాము. అయినా క్రైస్తవులు చెప్పే క్షమ గురించి, అందులోనూ తప్పు చేసినవానికి సాయం చేయడం గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. కారణం మా తోటలో జరిగిన ఒక దొంగతనం. ముందు అది చెప్పి ఆ తర్వాత విషయంలోకి వస్తాను.

వేపచెట్టు కింద

మాది మహానంది దగ్గర నల్లమల కొండ అడుగున ఉన్న పల్లె. మాకు మూడెకరాల అరటితోట, దానికొక బోరు ఉన్నాయి. రెండేండ్ల కిందట మార్చి నెలలో, గెలలు దిగి కాయ ఊరే సమయాన, ఒక రాత్రి మోటారు కేబులు కోసుకుపోయినారు. స్టార్టరు పెట్టె కూడా లేదు. అరటికి ఎండాకాలంలో నీళ్లు తప్పితే ఏమవుతుందో రైతుబిడ్డలకు చెప్పనక్కరలేదు. తొమ్మిది రోజులు తడి పెట్టలేకపోయినాం. కొత్త కేబులు, స్టార్టరు, మెకానిక్కు కూలి అన్నీ కలిపి 18,000 రూపాయలు అయింది. అది మా నాయన అప్పు తెచ్చినాడు.

దొంగ పదో రోజున దొరికినాడు. పాత ఇనుము అంగడిలో రాగి తీగ అమ్మింది ఎవరో ఆరా తీస్తే తెలిసింది. పైనున్న రబ్బరు కాల్చేసి, రాగిని తూకానికి వేసినాడు. వానికి ముట్టింది 3,000 రూపాయలు మాత్రమే. క్రికెట్ పందేలలో అప్పుపడి ఆ పని చేసినాడు. వాడు బయటి ఊరివాడు కాదు. పదో తరగతి దాకా నాతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. తండ్రి లేడు. తల్లి మా తోటలోనే కూలికి వచ్చేది.

వాణ్ణి రచ్చకట్ట దగ్గర వేపచెట్టుకు కట్టేసినారు. తలా ఒక దెబ్బ వేస్తున్నారు. నేనూ పోయి చెంప మీద కొట్టినాను. ఆ సంగతి దాచుకుంటే ఈ వ్యాసం రాసి ప్రయోజనం లేదు. మా నాయన అప్పు, ఎండిపోయిన ఆకులు, వాడు నా స్నేహితుడే అన్న కోపం, అన్నీ కలిసి ఆ దెబ్బలో ఉన్నాయి.

అప్పుడు ఒక పెద్దాయన వచ్చినాడు. బేల్దారి మేస్త్రి. ఊరి చర్చిలో సంఘపెద్ద కూడా. డెబ్బై ఏండ్లు ఉంటాయి. వచ్చి “వదిలేయండప్పా” అనలేదు. నేరుగా వాని ముందు నిలబడి, “తీసినావా?” అని అడిగినాడు.

“తీసినా తాతా.”

“ఎందుకు తీసినావో తర్వాత చెప్పుదువులే. తీసింది తప్పా, కాదా?”

“తప్పే.”

అప్పుడు మా నాయన వైపు తిరిగినాడు. “ఎంతైంది నాయనా నీకు?” అన్నాడు. మా నాయన లెక్క చెప్పినాడు. “ఆ లెక్క నా పేరు మీద రాసుకో. వాణ్ణి రేపటినుంచి నాతో పనికి తీసుకపోతా. నెలకు 1,500 లెక్కన నీకు చేరుతుంది. చేరకుంటే నన్ను అడుగు, వాళ్లమ్మను అడగొద్దు.”

మా నాయనకు అర్థం కాలేదు. “నువ్వెందుకు కట్టాల మేస్త్రీ? వాడు నీకేమన్నా చుట్టమా?”

“చుట్టమైతే నేను వచ్చేవాణ్ణి కాదేమో నాయనా. సిగ్గుపడి ఇంట్లోనే కూర్చునేవాణ్ణి.”

కట్లు విప్పినారు. మొదటి నెల 1,500 అక్కడికక్కడే ఆయన బొడ్లోనుంచి తీసి లెక్కపెట్టి ఇచ్చినాడు. కొందరు నవ్వినారు. “ఇట్లయితే దొంగలకు భయమేముంటుంది?” అని కొందరు గొణిగినారు. నిజం చెప్పాలంటే ఆ రోజు నా ప్రశ్న కూడా అదే. ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ వ్యాసం.

అప్పు, పాపం

ముందు మాట సంగతి చూద్దాం. మనం మామూలుగా “క్షమాపణ చెప్పు” అంటాము. అంటే తప్పు చేసినవాడు అడుక్కోవడం. తెలుగు క్రైస్తవులు “పాపక్షమాపణ” అన్నప్పుడు అది ఇచ్చే చేతివైపు నుండి వచ్చే మాట. ఒకే మాటకు రెండు వైపులున్నాయి. ఒకడు అడగాలి, ఇంకొకడు ఇవ్వాలి. ఈ రెండూ కలిస్తేనే పని పూర్తవుతుంది.

మరొక విశేషం ఉంది. క్రీస్తు నేర్పిన ప్రార్థనలో, మత్తయి సువార్త ప్రకారం, మన్నించమని అడిగేది ఋణాలను. పాపాన్ని అప్పుతో పోల్చడం ఆ గ్రంథంలో చాలా చోట్ల కనిపిస్తుంది. రైతు ఇంట్లో పుట్టినవానికి ఈ పోలిక ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. అప్పు మాఫీ అయిందంటే ఆ డబ్బు గాలిలో కలిసిపోయిందని కాదు. బ్యాంకో, ప్రభుత్వమో, ఇచ్చిన ఆసామో ఎవరో ఒకరు ఆ నష్టం మోసినారని అర్థం.

అదే సువార్త 18వ అధ్యాయంలో ఒక కథ ఉంది. ఒక రాజుకు ఒక దాసుడు పదివేల తలాంతులు అచ్చియున్నాడు. కట్టలేనని కాళ్ల మీద పడితే రాజు ఆ అప్పంతా విడిచిపెట్టినాడు. వాడు బయటికి పోయి, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుని గొంతు పట్టుకున్నాడు. ఈ అంకెలను మనం లెక్కవేసి చూడవచ్చు. ఆ కాలంలో ఒక దేనారం ఒక రోజు కూలి. ఒక తలాంతు సుమారు 6,000 దేనారాలు. కాబట్టి మొదటి అప్పు 6 కోట్ల రోజుల కూలి. సెలవు లేకుండా పని చేసినా 1,64,000 సంవత్సరాలు పడుతుంది. రెండవ అప్పు వంద రోజుల కూలి. ఒకటి రెండవదానికి ఆరు లక్షల రెట్లు.

ఇక్కడ ఒకటి గమనించాలి. వంద రోజుల కూలి తక్కువ సొమ్ము కాదు. మూడు నెలల పైచిలుకు కష్టం. కథ చెప్పినవాడు ఆ చిన్న అప్పును అబద్ధమనలేదు. నీకు జరిగిన నష్టం నిజమే, కాని నీ అప్పుల పట్టీ కూడా ఒకసారి తీసి చూసుకో అంటున్నాడు. క్రైస్తవ క్షమకు మూలం ఇదే. నేను మంచివాణ్ణి గనుక వీణ్ణి క్షమిస్తున్నాను అని కాదు. నేనూ ఒకప్పుడు మాఫీ పొందినవాణ్ణే గనుక క్షమిస్తున్నాను అని.

క్షమ కానిది ఏది?

క్షమ అనగానే మనకు మూడు అపోహలు వస్తాయి.

ఒకటి, క్షమ అంటే తప్పును తప్పు అనకపోవడం. ఇది పొరపాటు. లూకా సువార్త 17వ అధ్యాయంలో సోదరుడు తప్పు చేస్తే ముందు గద్దించమనీ, మారుమనస్సు పొందితే క్షమించమనీ ఉంది. మత్తయి 18లో దానికొక పద్ధతి కూడా చెప్పినారు. మొదట ఒంటరిగా పోయి వానితోనే చెప్పు. వినకపోతే ఒకరిద్దరిని తోడు తీసుకుపో. ఆ తర్వాతనే సంఘం ముందు పెట్టు. మనం చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. ముందు ఊరంతా చెబుతాం, ఇప్పుడైతే ఫోనులో ఫోటో పెట్టి పంచుతాం, వానితో మాత్రం మాట్లాడం.

రెండవ అపోహ, క్షమించినాక పోయిన సొమ్ము అడగరాదు. జక్కయ్య కథ దీనికి జవాబు. అతడు సుంకపు గుత్తదారు, అన్యాయంగా సంపాదించినవాడు. క్రీస్తు అతని ఇంటికి బస చేయడానికి పోయినాడు. ముందు జరిగింది ఆ రాక. ఆ తర్వాత జక్కయ్య తనంతట తాను లేచి, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నానో వారికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. క్షమ వసూలును రద్దు చేయలేదు. వసూలు చేయడానికి అమీను అవసరం లేకుండా చేసింది.

మూడవది, క్షమిస్తే చట్టం పని ఆగిపోవాలి. ఇదీ నిజం కాదు. ఆస్ట్రేలియా నుండి వచ్చి ఒడిశాలోని బారిపదలో కుష్ఠురోగుల సేవ చేసిన గ్రాహం స్టెయిన్స్‌ను, పదేండ్ల ఫిలిప్‌నూ, ఆరేండ్ల తిమోతినీ 1999 జనవరి 22 రాత్రి దాటిన వేళ మనోహరపురంలో వాహనంలోనే తగలబెట్టినారు. ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ చంపినవారిని క్షమిస్తున్నానని చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. 2004 వరకు అక్కడే ఉండి ఆ రోగుల సేవ కొనసాగించింది. 2005లో పద్మశ్రీ వచ్చింది. మరి కేసు? అది నడుస్తూనే ఉండింది. ప్రధాన ముద్దాయికి 2003లో ఉరిశిక్ష పడింది, 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆమె వదులుకున్నది తన పగను. న్యాయస్థానం అధికారం ఆమెది కాదు, దాన్ని ఆమె వదలనూ లేదు, పట్టుకోనూ లేదు.

మన చట్టానికీ ఈ తేడా తెలుసు. దొంగతనం వంటి కొన్ని నేరాలలో సొత్తు యజమాని ఒప్పుకుంటే రాజీ పడవచ్చు. హత్యలో అట్లా కుదరదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం ప్రకారం ఇరవై ఒక్క ఏండ్ల లోపువాడు యావజ్జీవం పడేటంత నేరం కానిది చేస్తే, తగిన కారణం రాసి చూపనిదే జైలుకు పంపరాదు. అంటే చిన్న వయసు తప్పుకు ఇంకొక అవకాశం ఇవ్వడం మెతకదనమని చట్టం కూడా అనుకోలేదు. ఆ మాటకొస్తే మనిషిని చెట్టుకు కట్టి కొట్టడమే నేరం. ఆ రోజు వేపచెట్టు కింద చట్టాన్ని మీరినవాళ్లలో కట్టేయబడినవాడు ఒక్కడే లేడు, నేనూ ఉన్నాను.

క్షమ క్రైస్తవుల సొత్తు అని నేను అనడం లేదు. పోతన తెలుగు చేసిన భాగవతంలోనే ద్రౌపది కథ ఉంది. నిద్రపోతున్న తన బిడ్డలను చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ముందు పడేస్తే, వాని తల్లి కూడా నాలాగా ఏడవరాదని ఆమె విడిపించమంటుంది. అయితే వాణ్ణి ఊరికే పంపలేదు. తల గొరిగి, శిరోమణి తీసుకొని పంపినారు. శిక్షా ఉంది, ప్రాణభిక్షా ఉంది. రెండూ ఒకచోట ఉండగలవని మనవాళ్లకు ఎప్పటినుండో తెలుసు.

చేతిరాతతో రాసిన హామీ

మేస్త్రి తాత చేసిన పని నాకు చాలా రోజులు వింతగానే ఉండింది. ఒకరోజు అడిగినాను. “నేను పుట్టించిన మాట కాదప్పా అది. పౌలు రాసిన చీటీలో ఉండాది. చదువుకున్నోడివి, చదువు” అన్నాడు.

హాస్టలుకు వచ్చి చదివినాను. ఫిలేమోనుకు రాసిన పత్రిక. మొత్తం 25 వచనాలే. పౌలు చెరసాలలో ఉన్నాడు. ఒనేసిము అనే దాసుడు యజమాని ఫిలేమోను దగ్గరనుండి పారిపోయి పౌలును చేరినాడని సంప్రదాయం. ఆ దాసుణ్ణి పౌలు ఒక ఉత్తరమిచ్చి యజమాని దగ్గరికే తిరిగి పంపుతున్నాడు. ఇతడు నీకు ఏదైనా నష్టం చేసి ఉంటే, ఏదైనా అచ్చి ఉంటే, అది నా లెక్కలో వేసుకో అని అందులో రాసినాడు. పౌలు ఉత్తరాలు కొన్ని ఇంకొకరి చేత రాయించినవి. ఇక్కడ మాత్రం ఈ హామీ నా చేత్తో నేనే రాస్తున్నాను, నేనే తీరుస్తాను అంటాడు. ఇది ప్రోనోటు మీద సంతకం లాంటిది.

ఈ చిన్న ఉత్తరంలో తప్పు చేసినవానికి సాయం చేసే విధానమంతా ఉంది. మొదటిది, పౌలు వాణ్ణి దాచిపెట్టలేదు. ఎవరికి నష్టం చేసినాడో వాళ్ల ముందుకే పంపినాడు. రెండవది, ఒంటరిగా పంపలేదు. తన మాట తోడు ఇచ్చి పంపినాడు. మూడవది, ఫిలేమోను నష్టాన్ని చిన్నచూపు చూడలేదు. నువ్వు ధనవంతుడివి, నీకేం పోయింది అనలేదు. ఆ బరువును తన మీదికి తీసుకున్నాడు. నాల్గవది, వాణ్ణి ఇకమీదట దాసునిగా కాదు, సోదరునిగా చేర్చుకో అని కొత్త పేరు ఇచ్చినాడు.

కొలొస్సయులకు రాసిన పత్రికను మోసుకుపోయినవారిలో ఒనేసిము పేరు మళ్లీ కనిపిస్తుంది. ఈసారి నమ్మకమైన సోదరుడని రాసినారు. పారిపోయినవాని చేతికే ఉత్తరాలిచ్చి పంపినారన్నమాట. సాయం అంటే చివరకు నమ్మడమే.

గలతీయులకు రాసిన పత్రికలో, తప్పులో చిక్కినవాణ్ణి సాత్వికంగా సరిచేయమని చెప్పేచోట వాడిన గ్రీకు మాట ఒకటుంది. మార్కు సువార్తలో జాలరులు చినిగిన వలలు బాగుచేసుకుంటున్నారని చెప్పేచోటా అదే మాట వాడినారు. వల చినిగితే జాలరి పారేయడు. అలాగని చినగలేదనీ అనడు. ఒళ్లో పెట్టుకొని కన్ను కన్ను అల్లుతాడు. అది ఓపిక పని.

స్టువర్టుపురం నేర్పే పాఠం

ఇంతవరకు ఒక మనిషి సంగతి. ఇదే పని ఒక సంస్థ, ఒక ప్రభుత్వం చేయబోతే ఏమవుతుంది? దానికి మన తెలుగు నేల మీదనే పెద్ద ఉదాహరణ బాపట్ల దగ్గరి స్టువర్టుపురం.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికీ వర్తింపజేసింది. దాని ప్రకారం ఒక మనిషి ఏం చేసినాడన్నది కాదు, ఏ కులంలో పుట్టినాడన్నదే నేరానికి గుర్తు. ఎరుకల వంటి కులాలవారిని ఆ పట్టీలో చేర్చినారు. వీరిలో చాలామంది పూర్వం గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊరూరా తిరిగి అమ్మినవారు. రైళ్లు వచ్చి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసి, ఆ వ్యాపారం పోయింది. తిరిగే బతుకే అనుమానానికి కారణమైంది.

ఇట్లాంటివారిని ఒకచోట ఉంచి బాగుచేయమని ప్రభుత్వం క్రైస్తవ సంస్థలకు అప్పగించింది. 1910ల నడుమ సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం. మద్రాసు ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టినారు. వారికి అక్కడ భూములు ఇచ్చినారు, బడి పెట్టినారు, చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పని చూపించినారు. ఇవి మేలైన పనులు, కాదనరాదు. కాని అవే చేతులు హాజరు పట్టీ కూడా పట్టుకున్నాయి. పాసు లేనిదే ఊరు దాటడానికి లేదు. ఏ తప్పూ చేయని పసిబిడ్డ కూడా ఆ పట్టీలోనే పుట్టేవాడు.

క్షమ గురించి ఆలోచించేవారు ఇక్కడ ఆగి చూడాలి. క్షమించాలంటే ముందు తప్పు జరిగి ఉండాలి. చేయని తప్పుకు క్షమ ఇస్తామనడం సాయం కాదు, ఇంకొక అవమానం. మేస్త్రి తాత మొదట అడిగిన “తీసినావా?” అనే ప్రశ్న విలువ నాకు ఇక్కడ తెలిసింది. ఆయన ఒకణ్ణి అడిగినాడు. ఆ చట్టం ఎవ్వరినీ అడగలేదు.

ఆ చట్టం దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. పట్టీ చిరిగింది గాని పేరు చెరగలేదు. స్టువర్టుపురం అంటే దొంగలే అన్న మాట ఎన్నో ఏండ్లు ఉండిపోయింది. 1970లలో అక్కడికి పోయి పని మొదలుపెట్టినవారిలో హేమలతా లవణం గారు ముఖ్యులు. ఆమె మహాకవి గుఱ్ఱం జాషువా గారి కుమార్తె. “క్రీస్తు చరిత్ర” కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి పొందిన జాషువా గారే. మెట్టినిల్లు మాత్రం నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి ఇల్లు. ఆమె, భర్త లవణం గారు నేరాలు చేసినవారి ఇళ్లకే పోయి, వారితో మాట్లాడి, వారి పిల్లల చదువుల కోసం, కొత్త బతుకుల కోసం ఏండ్ల తరబడి శ్రమించినారు. ఆమె 2008లో, ఆయన 2015లో కన్నుమూసినారు. క్రీస్తు కథ రాసిన కవి బిడ్డ, దేవుడు లేడనే ఇంటి కోడలై, పాపులని పేరుపడినవారి మధ్య కూర్చున్నది. ఈ పనికి ఏ మతమూ తాళం వేసుకోలేదని చెప్పడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కరలేదు.

మన సీమ సంగతి

నంద్యాల, ఆళ్లగడ్డ అనగానే బయటివాళ్లకు సినిమాల పుణ్యమా అని ఒకటే గుర్తుకొస్తుంది. మనం చిన్నబుచ్చుకుంటాం గాని, కక్షలు మన పల్లెలను కాల్చిన మాట అబద్ధం కాదు. మగదిక్కు పోయిన ఇళ్లు, బీడుపడిన పొలాలు మనలో చాలామంది చూసినవే.

“చర్యకు ప్రతిచర్య ఉంటుంది, న్యూటనే చెప్పినాడు” అని కక్షను సమర్థించేవాళ్లను హాస్టల్లో కూడా విన్నాను. భౌతికశాస్త్రాన్ని అంతటితో ఆపరాదు. లోలకాన్ని ఒకసారి కదిలిస్తే, ఏ నిరోధమూ లేని చోట అది అట్లా ఊగుతూనే ఉంటుంది. గాలి, రాపిడి దాని శక్తిని కొంచెం కొంచెంగా తీసుకుంటేనే ఆగుతుంది. ఆ శక్తి మాయం కాదు, వేడిగా మారుతుంది. మోటారు సైకిలు షాక్ అబ్సార్బరు కూడా అంతే. గుంతలో పడ్డ కుదుపును తాను మింగి, తాను వేడెక్కుతుంది. కక్ష కూడా అట్లా ఊగే లోలకమే. ఎవరో ఒకరు ఆ దెబ్బను తమలో మింగి, తిరిగి ఇవ్వకుండా ఉంటేనే నిలుస్తుంది. మింగినవానికి మంట తప్పదు. క్షమించడం సులభమనేవాడు ఇంతవరకు ఎవరినీ క్షమించి ఉండడు.

అయితే ఒక హెచ్చరిక. ఆ మంటను మోయమని నష్టపోయినవాణ్ణి ఇంకొకరు బలవంతం చేయరాదు. పంచాయితీలో పెద్దమనుషులు ఆడకూతురితో “పోనీలేమ్మా, సర్దుకో” అనడం క్షమ కాదు. అది బలవంతుని పక్షం. క్షమ ఇచ్చే హక్కు దెబ్బ తిన్నవానిదే. చుట్టూ ఉన్నవాళ్లు చేయగలిగింది ఒకటుంది. మేస్త్రి తాత లాగా బరువులో పాలు పంచుకోవడం.

పదిహేను నెలలు

మా లెక్క ఏమైందో చెప్పి ముగిస్తాను. 18,000 తీరడానికి పన్నెండు నెలలు చాలు. పదిహేను పట్టింది. ఏడవ నెలలో వాడు మళ్లీ పందెం కాసినాడు. కూలి డబ్బంతా పోయింది. రెండు వారాలు ఊళ్లో కనపడలేదు. “చెప్పలేదా?” అన్నవాళ్లు చాలామంది. మేస్త్రి తాత మాత్రం ఆ నెల కంతు తెచ్చి మా నాయన చేతిలో పెట్టి, బస్సెక్కి పోయి వాణ్ణి వెతికి తెచ్చినాడు. ఈసారి గట్టిగా తిట్టినాడు కూడా. కూలి వాని చేతికివ్వకుండా తల్లికి ఇచ్చే ఏర్పాటు చేసినాడు. ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగితే ఏడు డెబ్బదులని జవాబు వచ్చిందట. అంటే 490. ఆ సంఖ్య అంత పెద్దగా ఎందుకుందో నాకు ఏడవ నెలలో అర్థమైంది. తప్పు చేసినవాడు ఒక్క దినంలో బాగుపడడు. సాయం చేసేవాడు ఒక్కసారితో చేతులు దులుపుకోరాదు.

మొన్న జనవరిలో మా మోటారు గదికి గోడ పూత వేయించినాం. పనికి వచ్చింది వాడే. ఇప్పుడు తాపీ పట్టడం నేర్చినాడు. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయిన నేను వానికి సిమెంటు కలిపే నీళ్లు అందిస్తూ, రెండేండ్లుగా గొంతులో ఉన్న మాట బయటపెట్టినాను.

“ఆ రోజు కొట్టినాను రా. తప్పు నాది.”

వాడు పూత ఆపలేదు. “కొట్టినావని కాదు లేరా. అందరూ కొట్టినారు. ఆ తర్వాత నువ్వు మాట్లాడలేదు సూడు, అది కష్టంగా ఉండె” అన్నాడు.

నాకు జవాబు రాలేదు. మేము అప్పు వసూలు చేసుకున్నాం, తాత మాట నిలబెట్టుకున్నాడు, వాడు పని నేర్చుకున్నాడు. నా పక్కనుండి మాత్రం లెక్క అన్నాళ్లూ తీరనే లేదు. ఒనేసిము కథ చదివి మెచ్చుకున్న నేను, బస్టాండులో ఎదురుపడితే తల తిప్పుకొని పోయినాను.

మిత్రులారా, మన హాస్టళ్లలో కూడా ఇట్లాంటివాళ్లు ఉంటారు. పరీక్షలో కాపీ కొట్టి పట్టుబడినవాడు, మెస్సు డబ్బు వాడుకున్నవాడు, ఒకసారి చెడ్డపేరు తెచ్చుకొని భోజనాల గదిలో మూలన ఒంటరిగా తినేవాడు. వాని తప్పును తప్పనే అందాం. కట్టవలసింది కట్టించుదాం. కాని ఆ కట్టే రోజుల్లో వాని పక్కన కూర్చొని తినడానికి ఒక్కడైనా ఉండాలి.

ఆ సాయంత్రం మా నాయన నంద్యాల మార్కెట్టుకు బయలుదేరుతూ మోటారు గది తాళంచెవి తీసి వాని చేతికిచ్చినాడు. “పని అయినాక తాళమేసి, చెవి నీ దగ్గరే పెట్టుకో. పొద్దున్నే నీళ్లు నువ్వే తిప్పు” అన్నాడు. లోపల కొత్త స్టార్టరు, కొత్త కేబులు అన్నీ ఉన్నాయి. వాడు చెవిని చొక్కా జేబులో వేసుకొని, జేబును చేత్తో ఒకసారి తడుముకున్నాడు.